తువ్వాలు కింద నాలుగడుగులు

ఇరవై ఎనిమిదేళ్లకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని మీరు నవ్వుకోవచ్చు. నేను పనిచేసిన ఆఫీసు మూతపడింది. ఆ పని మళ్లీ దొరకలేదు, నేనూ వెతకలేదు. ఒక విధంగా నేను కూడా రిటైరయిన ఉద్యోగినే. ఇప్పుడు బాలికల పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇద్దరు కిందటేడు పాలిటెక్నిక్‌లో చేరారు. సెలవులకు వచ్చినప్పుడు, ఇంజనీరు ఆఫీసులో పని ఎలా ఉంటుందో చెప్పమని అడిగారు. ఏదో రెండు ముక్కలు చెప్పి పంపించేశాను. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట సరిగా రాదు. కాగితం మీద కొంచెం నయం. వాళ్ల కోసం, వాళ్లలాంటి మరికొందరి కోసం ఇది రాస్తున్నాను. రోజూ డైరీ రాసే అలవాటు ఉండబట్టి అప్పటి మాటలు చాలావరకు ఉన్నవున్నట్టే గుర్తున్నాయి.

మా ఆఫీసు అనకాపల్లి మెయిన్ రోడ్డు మీద ఒక మందుల దుకాణం పైన ఉండేది. రెండు గదులు. ముందు గదిలో ఇంజనీరుగారు, వెనక గదిలో నేను, నా డ్రాయింగు బల్ల. ఆయనది గోదావరి జిల్లా. ప్రభుత్వంలో రోడ్లూ వంతెనలూ కట్టి, చివరి పోస్టింగు ఇక్కడే కావడంతో రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయి, సొంతంగా ఆఫీసు పెట్టుకున్నారు. నేను ఆయన దగ్గర ట్రేసరుని. ఆయన పెన్సిలుతో గీసిన ప్లాను మీద కింది గీతలు కనబడే ట్రేసింగు గుడ్డ పరిచి, సిరాతో ఎత్తిరాయడం నా పని. ఆ గుడ్డ కింద నేను అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న నవలలు కూడా ఉండేవని ఆయనకు తెలుసు. వెనక గదిలోకి రాబోయే ముందు గుమ్మం దగ్గర ఒకసారి దగ్గేవారు. అంత మంచి మనిషి.

ఇళ్ల ప్లాన్లు, ఒక రైసు మిల్లు షెడ్డు, ఒక సినిమా హాలుకి మరుగుదొడ్లు. మాకు వచ్చే పనులు అలా ఉండేవి. నేను చేరిన మూడో ఏట బెల్లం వర్తకుల సంఘం వారు కబురు పెట్టారు. మార్కెట్టు వెనక వాళ్లు కొత్త గిడ్డంగి కడుతున్నారు. అంత పెద్ద కప్పు మా ఊళ్లో అంతకు ముందు లేదు. జింకు రేకుల కప్పు, దాని కింద వరసగా గదులు. మార్కెట్టు నూతిలో నీళ్లు ఉప్పన. ఎండాకాలం ఆ ఉప్పునీళ్లు కూడా అడుగంటేవి. బస్తాలు మోసే కళాసీలు, బెల్లం దిమ్మలకు తాటాకు చుట్టే ఆడవాళ్లు తాగడానికి బిందెలతో ఎక్కడి నుంచో తెచ్చుకోవాలి. కప్పు మీద పడిన వాన నీటిని నేల తొట్టిలోకి పట్టుకుంటే ఎండాకాలం అంతా వాళ్లకు తాగునీరు ఉంటుందని ఇంజనీరుగారు చెబితే, సంఘం పెద్ద సరేనన్నారు.

ఆ లెక్క వేసేటప్పుడు ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ట్రేసర్లకు ఎవరూ లెక్క నేర్పరు. ఆయన నేర్పారు. కప్పు కొలత తీసుకునేటప్పుడు రేకు ఏటవాలు పొడవు తీసుకోకూడదట. మిట్టమధ్యాహ్నం కప్పు నీడ నేల మీద ఎంత మేర పడుతుందో అంతే తీసుకోవాలట, ఎందుకంటే వాన పైనుంచి చూసేది ఆ మేరనే. దాన్ని అంగుళాల వానతో హెచ్చవేయాలి. రేకు వేడికి ఆవిరయ్యేదీ, మొదటి వానకు దుమ్ముతో బయటికి వదిలేసేదీ తీసేయాలి. నెలనెలా ఎంత వస్తుంది, ఎంతమంది తాగుతారు, ఎన్నాళ్లు వాన రాకుండా గడపాలి అని గళ్లు గీసి నింపుకుంటూ వెళ్లాలి.

"తొట్టి ఎంత ఉండాలో ఎండాకాలాన్ని అడుగు, అమ్మాయీ. పొర్లుకాలువ ఎంత ఉండాలో తుఫానుని అడుగు. రెండూ ఒకరినే అడిగావంటే దెబ్బ తింటావ్" అన్నారు.

నేను వేసిన గళ్లు ఆయన మళ్లీ వేసి చూసుకున్నారు. రెండూ ఒకటే వచ్చాయి. తొట్టి లోతు పన్నెండడుగులు. దసరా రోజుల్లో పట్టే ముసురుకి కూడా అందులో కొంత ఖాళీ మిగులుతుంది. అందుకని తొట్టి నిండాక మిగులు నీళ్లు పోయే పొర్లుకాలువ చిన్నదే చాలు. ఆ రాత్రి నా డైరీలో వేరే ఏమీ లేదు, ఆ లెక్కే ఉంది.

డ్రాయింగు తీసుకుని సంఘానికి వెళ్లేటప్పుడు నన్ను కూడా రమ్మన్నారు. మార్కెట్టు యార్డులో ఓ పక్క బేరాలు జరుగుతున్నాయి. అక్కడి బేరం చూడని వాళ్ల కోసం చెబుతాను. ధర ఎవరూ పైకి అనరు. కొనేవాడూ అమ్మేవాడూ కుడిచేతులు కలుపుకుని, పైన తువ్వాలు కప్పుకుంటారు. లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడినవాళ్లకు ముఖాలు తప్ప ఇంకేమీ కనబడవు. బేరం కుదిరాక కూడా ఆ ధర బయట చెప్పకూడదు. చెప్పినవాడికి ఆ మార్కెట్టులో మళ్లీ ఎవరూ చెయ్యి ఇవ్వరు. రాతకోతలు లేకుండా అంత వ్యాపారం ఆ నియమం మీదే నడిచేది. అందులో గొప్పతనం లేకపోలేదు.

సంఘం పెద్ద తన గదిలో బాలీసు మీద ఆనుకుని డ్రాయింగు చూశారు. పెద్ద పొట్ట, మెత్తటి మాట. కళాసీల ఇళ్లల్లో పెళ్లయితే మాడుగుల హల్వా డబ్బా పట్టుకుని తానే వెళ్లేవారని చెప్పుకునేవారు. ఆయన పన్నెండు అన్న అంకె మీద వేలు పెట్టి, చుట్టూ ఉన్న వర్తకుల వంక చూసి నవ్వారు.

"ఏటండీ ఇంజనీరుగారూ, బెల్లం బండికి మేం తరుగు తీత్తాం. మీ వానకి తరుగు లేదేటండీ?"

"వానకు లేదండీ. కప్పుకే ఉంది. అది ముందే తీసేశాను."

"అది మీ తరుగు. మా తరుగు మేం తియ్యాలి గదా."

అందరూ నవ్వారు. ఇంజనీరుగారు కూడా నవ్వారు. మా ఊళ్లో ఎవరు ఏ అంకె చెప్పినా అందులో కొంత దాచుకుని ఉంటారనే అనుకుంటారు. దాచుకోకుండా చెప్పినవాణ్ణి నమ్మరు. తవ్వడానికి ఖర్చు, కింద రాయి పడుతుందేమోనన్న భయం, ఇవన్నీ ఉన్నాయి గానీ, నా ఉద్దేశంలో అసలు సంగతి అలవాటు. పన్నెండు అని చెబితే పన్నెండే ఒప్పుకోవడం వాళ్లకు చేతకాదు.

కాసేపు మాటలు అయ్యాక సంఘం పెద్ద భుజం మీది తువ్వాలు తీసి కుడిచేతి మీద వేసుకుని, ఆ చెయ్యి ముందుకు చాచారు. చుట్టూ ఉన్న వర్తకులు ముందుకు వంగారు. వర్తకుడు కానివాడికి అలా చెయ్యి చాచడం అక్కడ ఎవరూ చూసి ఉండరనుకుంటాను. ఇంజనీరుగారు ఒక్క క్షణం నా వంక చూశారు. తరువాత తన చెయ్యి తువ్వాలు కిందికి పోనిచ్చారు.

గుడ్డ కాస్త కదిలింది. ఆగింది. మళ్లీ కదిలింది. సంఘం పెద్ద ముఖంలో ఏమీ లేదు. ఇంజనీరుగారి చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి బయటికి తీశాక మాత్రం, పరీక్ష పాసయిన కుర్రవాడిలా ఉన్నారు.

జట్కాలో తిరిగి వస్తూ తన కుడిచెయ్యి చూసుకున్నారు. తరువాత అన్నారు, "ఇన్నాళ్లకి నన్ను తమలో కలుపుకున్నారమ్మాయీ." ఇంకొంచెం దూరం పోయాక, "డ్రాయింగు మార్చాలి కనక నీకు చెప్పక తప్పదు. పన్నెండు తీసి ఎనిమిది వెయ్యి. ఈ మాట నీ దగ్గరే ఉండాలి" అన్నారు.

నాలుగడుగులు ఎలా పోయాయో నాకు అర్థం కాలేదు. ఆఫీసుకి వచ్చాక, వెనక గది గుమ్మం దగ్గర నిలబడి అడిగాను. తొట్టి చిన్నదయితే శ్రావణానికే నిండిపోతుంది కదా, ఆ తరువాత పడే వానంతా పొర్లుకాలువలోకే పోవాలి కదా, మరి కాలువ పెద్దది చెయ్యాలా అని.

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. "చెయ్యాలి. కానీ ఇప్పుడు కాలువ పెంచుతామంటే కుదిరిన బేరం చెడుతుంది. ముందు పని కానియ్యి. ఒక వాన పడి నీళ్లు చూశాక వాళ్లే ఒప్పుకుంటారు, అప్పుడు తవ్విద్దాం" అన్నారు. మాట నమ్మకంగానే ఉంది. నేనూ నమ్మాను.

ట్రేసింగు గుడ్డ మీద సిరా గీకి చెరిపితే మరకలా కనిపిస్తుంది. అందుకని కొత్త గుడ్డ మీద మళ్లీ గీశాను. పాత గుడ్డ పారేసేవాళ్లం కాదు. వేడినీళ్లలో నానబెట్టి గంజి వదిలిస్తే మంచి పల్చటి బట్ట వస్తుంది. చేతిరుమాళ్లు కుట్టుకునేదాన్ని. పన్నెండడుగుల తొట్టి అలా నా చేతిరుమాలయింది.

తొట్టి కట్టే రోజుల్లోనే నాకు ఇద్దరు మనుషులు పరిచయమయ్యారు. ఒకరు రేకు పని చేసే సాయిబుగారు. కప్పు చూరు వెంబడి దోనెలు, వాటి నుంచి తొట్టిలోకి దిగే గొట్టాలు ఆయన చేతివే. ఒక్కో అతుకు వేశాక చెంబుతో నీళ్లు పోసి, కింద వేలు పెట్టి చూసుకునేవారు. రెండోవారు దేవరాపల్లి వైపు రైతు. చెరకు నరకని రోజుల్లో బండి కట్టి శారదా నది నుంచి మాకు ఇసుక తోలేవాడు. ఇద్దరూ ఒకరినొకరు మామా మామా అని పిలుచుకుంటూ, రోజంతా ఏదో ఒకటి అనుకునేవారు.

"ఏటి మామా, దోనెకి ముద్దులెడతన్నావేటి?" అనేవాడు రైతు.

"నీ బండి సక్రానికి నువ్వు ఆముదం రాసినప్పుడు నేనేటయినా అన్నానా?" అనేవారు సాయిబుగారు.

రైతుకి ఒకే ధ్యాస. వాళ్ల ఊరికి కరెంటు స్తంభాలు వచ్చాయి. నూతికి మోటారు పెట్టుకుంటే మెట్ట చెక్కలో కూడా చెరకు వేయవచ్చు. ఇసుక దింపి, తలపాగా విప్పి చెమట తుడుచుకుంటూ ఇంజనీరుగారిని అడిగేవాడు, మోటారు ఎంతది కావాలి, గొట్టం ఎంత లావుండాలి అని. ఆయన ఓపిగ్గా నూతి లోతు అడిగి లెక్క వేసి పెట్టారు. ఆ మోటారు కోసం రైతు ఆ ఏటి బెల్లమంతా అమ్మకుండా దసరా దాకా దాచుకుందామనుకున్నాడు. పంట మీద, అంటే చేతికి రాగానే, అందరూ అమ్ముతారు కాబట్టి ధర ఉండదు. దసరాకి పెరుగుతుంది. అయితే వేసవిలో రేకుల కింద దిమ్మలు మెత్తబడి జారిపోతాయని భయం.

"తొట్టి పక్కన చివరి గది తీసుకో. నేల చల్లగా ఉంటుంది, నీ బెల్లం కరగదు" అని ఇంజనీరుగారే చెప్పారు.

రైతూ, అతని భార్యా రెండు బండ్ల బెల్లం తెచ్చి ఆ గదిలో పేర్చుకున్నారు. కింద వరిగడ్డి పరిచి, ఒక్కో దిమ్మకూ తాటాకు చుట్టి, పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు. తాళం వేశాక ఆమె తలుపు ఒకసారి తోసి చూసింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. మొదటి నీళ్లు తొట్టిలోకి దిగిన రోజు ఆడవాళ్లు బిందెలతో చుట్టూ చేరారు. సాయిబుగారు గొట్టం నోటి దగ్గర దోసిలి పట్టి తాగి, "మీఠా పానీ, బేటీ. తియ్యటి నీళ్లు" అన్నారు నాతో. శ్రావణం సగం కాకుండానే తొట్టి నిండింది. ఇంజనీరుగారు కాలువ సంగతి మాట్లాడడానికి సంఘం దగ్గరికి వెళ్లారు. తొట్టి నిండిందంటే అందరూ సంతోషించారు. నిండిన తొట్టికి ఇంకా కాలువ ఎందుకన్నారు. దసరా వెళ్లాక చూద్దామన్నారు. ఆయన రెండోసారి కూడా వెళ్లారు. మూడోసారి వెళ్లడానికి ఆయనకు మొహమాటం అడ్డు వచ్చిందనుకుంటాను. తమలో కలుపుకున్నవాళ్లని విసిగించడం ఎలా?

దసరా ముందు వాయుగుండం పట్టింది. రెండు రోజులు విడవకుండా కురిసింది. మూడోనాటి ఉదయం కాస్త తెరిపి ఇస్తే ఆఫీసుకి వెళ్లాను. ఇంజనీరుగారు మెట్లు దిగుతూ ఎదురయ్యారు. గొడుగు చేతిలో ఉంది, తెరవలేదు. ఇద్దరం మార్కెట్టుకి నడిచాం.

దోనెలు లేకపోతే అంత కప్పు మీది వాన నాలుగు వైపులా చూరు నుంచి జారి, ఎక్కడిదక్కడ ఇంకిపోయి ఉండేది. ఇప్పుడు సాయిబుగారి దోనెలు ఒక్క చుక్క పారబోయకుండా మొత్తం తెచ్చి ఒక్కచోట పోశాయి. తొట్టి ముందే నిండి ఉంది. చిన్న కాలువ పట్టలేకపోయింది. నీళ్లు ఎదురుతన్ని, పక్కనే పల్లంలో ఉన్న చివరి గది గడప దాటాయి.

మేం వెళ్లేసరికి గది తలుపు తీసి ఉంది. కింది వరసలు కరిగి, పై వరసలు వాటి మీదికి ఒరిగిపోయి ఉన్నాయి. ఎర్రటి నీళ్లు గడప మీంచి పారి, తొట్టి మూతల సందుల్లోంచి లోపలి నీళ్లలో కలుస్తున్నాయి. తాటాకులు తేలుతున్నాయి. రైతు భార్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కరగని దిమ్మలు ఎత్తి బయటికి అందిస్తోంది. అవి ఆమె చేతుల్లోనే జారిపోతున్నాయి. ఎవరూ ఏడవడం లేదు. ఈగల చప్పుడు మాత్రం వినబడుతోంది.

సాయిబుగారు గొట్టానికి ఆనుకుని నిలబడ్డారు. "ఒక్క సుక్క కారలేదు సార్" అన్నారు ఇంజనీరుగారితో, మెల్లగా. అది గర్వమో, తప్పు ఒప్పుకోవడమో ఆయనకే తెలియనట్టుంది.

నీళ్ల కోసం వచ్చిన ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వెనక్కి పోయారు. తొట్టి నీళ్లు పానకంలా ఉన్నాయి. రెండు రోజులకు పులిసిపోయాయి.

ఆ వారంలోనే సంఘం కూర్చుంది. గిడ్డంగి వరండాలో చాపలు వేశారు. రైతూ భార్యా ఒక స్తంభం దగ్గర కూర్చున్నారు. నేను ఇంజనీరుగారి వెనక, సాయిబుగారి పక్కన. విషయం ఒక్కటే. గిడ్డంగి కట్టించిన తీరుది తప్పయితే నష్టం సంఘం భరించాలి. లెక్కది తప్పయితే సంఘానికి సంబంధం లేదు. రైతు కళ్లు ఇంజనీరుగారి మీదే ఉన్నాయి. ఆయన నోటి నుంచి ఏ మాట వస్తే దాన్ని బట్టే అతని నూతికి మోటారు.

సంఘం పెద్ద ఆ రోజు నవ్వలేదు. "లెక్కలో తేడా ఎక్కడొచ్చిందండీ?" అని అడిగారు. అడిగి, ఇంజనీరుగారి ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు. తువ్వాలు ఆయన భుజం మీదే ఉంది. ఆ నాలుగడుగుల సంగతి ఆయనకు తెలుసు. తన వల్ల పోయాయని ఆయన కూడా అనలేరు. ఇంజనీరుగారు చెబితే కాదనేవారని కూడా నేను అనుకోను. కొంత ఎదురుచూస్తున్నట్టే కనిపించారు.

ఇంజనీరుగారు గొంతు సవరించుకున్నారు. "లెక్క నాదండీ. తేడా కూడా నాదే."

అంతే. వర్తకులు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరో పక్కవాడితో, మనిషి నిబ్బరమయినవాడు అన్నారు. రైతు తల దించుకున్నాడు.

నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు. చేతిలో ఆ రుమాలు నలిగిపోతోంది. నలుగురిలో నోరు విప్పడం నా జన్మలో అదే మొదటిసారి.

"మొదట పన్నెండడుగులు వేశామండీ" అన్నాను.

నా గొంతు నాకే వినబడలేదు. సంఘం పెద్ద చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఏటమ్మా?" అన్నారు.

"పన్నెండడుగులండీ. పన్నెండయితే సరిపోయేది. లెక్క సరిగానే..."

ఇంజనీరుగారు వెనక్కి తిరగలేదు. "ఆ అమ్మాయి ట్రేసరండీ. ఇచ్చింది గీసి పెడుతుంది. లెక్క ఆమెకు తెలియదు" అన్నారు.

ఎవరో నవ్వారు. చెడ్డగా కాదు, చిన్నపిల్ల మాటకు నవ్వినట్టు. సాయిబుగారు నా కొంగు అంచు పట్టి మెల్లగా కిందికి లాగారు. కూర్చున్నాను. ఎంతమంది నన్ను చూశారో తెలియదు. రైతు మాత్రం చూశాడు, అది తెలుసు.

తువ్వాలు మాట తువ్వాలు కిందే ఉంచి, ఆయన తన పరువూ సంఘం పెద్ద పరువూ నిలబెట్టారు. ఆ సంగతి అప్పుడే అర్థమైంది. గళ్లు గీసి నాకు లెక్క నేర్పిన మనిషి, నాకు లెక్క తెలియదని అందరిలో అన్నారన్నది అర్థం కావడానికి మాత్రం ఇంటికి వెళ్లేదాకా పట్టింది. ఆ రోజు డైరీ పేజీ ఖాళీగా ఉంది.

సంఘం ఏమీ ఇవ్వలేదు. ఇంజనీరుగారు నేల ఎత్తుపల్లాలు కొలిచే తన లెవెలు యంత్రం అమ్మి ఆ డబ్బు రైతుకి ఇచ్చారు. దానితో మోటారు రాదు. చెడిన బెల్లాన్ని పొగాకు కొట్టువాళ్లు అయినకాడికి కొనుక్కుపోయారు.

ఆ తరువాత మాకు పనులు రావడం తగ్గింది. లెక్క తప్పిందని తానే ఒప్పుకున్న ఇంజనీరుకి ఇల్లు కట్టించే పని మాత్రం ఎవరిస్తారు? మార్కెట్టులో కనబడితే వర్తకులు లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు. కాఫీ తెప్పించేవారు. పని మాత్రం ఇవ్వలేదు. ఆయన ఆ నమస్కారాలు తీసుకుని మెట్లెక్కి వచ్చి, ముందు గదిలో కూర్చునేవారు. వెనక గదికి వచ్చేటప్పుడు దగ్గడం మానలేదు. నా ముఖంలోకి చూడడం మానేశారు.

ఆఫీసు మూసే ముందు చివరి పని పొర్లుకాలువ. సంఘం ఇప్పుడు ఒప్పుకుంది. ఆయన కాగితాలు నా బల్ల మీద పెట్టి, "దీని లెక్క నువ్వు వెయ్యి" అన్నారు.

"మీరు ఒకసారి చూస్తారు కదండీ?"

"చూడను."

వేశాను. ఎండాకాలాన్ని అడగలేదు, తుఫానునే అడిగాను. వెడల్పు, లోతు, వాలు. ఆయన అంకెల వైపు కన్నెత్తకుండా కింద సంతకం పెట్టారు. ఆ సంతకంలో ఏముందో నాకు తెలుసు. నాకు లెక్క తెలుసన్న ఆ మాట ఆ రోజు వరండాలో కావలసింది. ఇక్కడ, ఎవరూ లేని గదిలో ఇచ్చారు. తీసుకున్నాను. గోదావరి జిల్లాకి తిరిగి వెళ్లిపోతున్న ఆయన్ని రైలెక్కించడానికి నేనూ సాయిబుగారూ స్టేషనుకు వెళ్లాం. రైలు కదిలేదాకా ఆ ఏటి మామిడిపూత గురించి మాట్లాడుకున్నాం.

మీరు ఎవరైనా ఇలాంటి ఉద్యోగంలో చేరితే, లెక్క మీది కాదని ఎవరైనా అంటే ఏం చెయ్యాలో నేను చెప్పలేను. నాకే తెలియలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. మనిషి మాటలో తరుగు తియ్యవచ్చు, బండి బెల్లంలో తియ్యవచ్చు. రేకుల మీద పడేదానికి మన అలవాట్లు తెలియవు.

మరుసటేడు ముసురు పట్టిన రోజుల్లో, బడి వదిలాక మార్కెట్టు వైపు వెళ్లాను. కాలువ ఎలా పారుతోందో చూడాలని. నిండుగా పారుతోంది, గట్టు దాటడం లేదు. నేను వేసిన కొలత అది. అక్కడ ఎవరికీ ఆ సంగతి తెలియదు. గొడుగు కింద నిలబడి చూస్తూ ఉంటే, కాలువకు అవతలి వైపు ఆ రైతు కనిపించాడు. గోనెసంచి తలమీద కప్పుకుని, అతనూ నీళ్లనే చూస్తున్నాడు. ఆ ఏడు బెల్లం పంట మీదే అమ్మేశాడట. నన్ను గుర్తుపట్టి ఈ వైపుకి దాటి వచ్చాడు.

"అమ్మా, ఆ రోజు నువ్వు సెప్పింది నిజిమేనా? పన్నెండడుగులు?"

"నిజమే."

"మరాయన కాదన్నాడేటి?"

చెప్పాను. తువ్వాలు, చెయ్యి, ఎనిమిది, జట్కాలో ఆయన ముఖం, అన్నీ చెప్పాను. మార్కెట్టు మధ్యలో, బేరాలు జరుగుతున్న చోటికి పది గజాల దూరంలో, గొంతు తగ్గించకుండా చెప్పాను. వాన చప్పుడులో ఎవరికి వినబడిందో నాకు అనవసరం.

అతనికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"ఆ మాట ఆయన ఆ రోజే అనుంటే నాకు మోటారొచ్చీది" అన్నాడు. "ఆయనకి ఈ మార్కెట్టులో మరి పని దొరికీది కాదు." కాలువలో కొట్టుకుపోతున్న తాటాకు ముక్క కనబడకుండా పోయేదాకా చూశాడు. "అయినా దొరకనేదు గదమ్మా."

దేవరాపల్లి బస్సు హారను కొడుతోంది. అతను గోనె సర్దుకుని పరుగెత్తాడు.